బంతి పైన ఆగుతుంది, భూమి లాగడం మాత్రం ఆగదు

తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ దాకా ఫిజిక్స్ పరీక్షల్లో ఏదో ఒక రూపంలో తిరిగి తిరిగి వచ్చే ప్రశ్న ఒకటుంది. ఒక బంతిని నిటారుగా పైకి విసిరారు. అది అన్నింటికంటే ఎత్తుకు చేరిన క్షణంలో దాని వేగం ఎంత? త్వరణం ఎంత?

మొదటి ప్రశ్నకు దాదాపు అందరు పిల్లలూ సరిగ్గానే రాస్తారు: సున్నా. రెండో ప్రశ్నకు కూడా చాలామంది సున్నా అనే రాసేస్తారు. మార్కు పోయేది అక్కడే. సరైన జవాబు 9.8 మీ/సె², దిశ కిందివైపు.

ఇది కూడికలో, తీసివేతలో దొర్లిన పొరపాటు కాదు. సూత్రాలన్నీ కంఠతా వచ్చిన పిల్లలు కూడా ఇక్కడ తడబడతారు. బంతి ఆగిపోయింది కదా, ఇంక దాని మీద పనిచేసేది ఏముంటుంది అని మనసుకు అనిపిస్తుంది. ఈ ఒక్క ముడి విప్పితే పైకి విసిరిన వస్తువుల లెక్కలు చాలావరకు వాటంతటవే తేలికవుతాయి. ముడి విప్పడానికి పెద్ద గణితం కూడా అక్కర్లేదు. పదో తరగతి దాకా చదివిన తల్లిదండ్రులెవరైనా పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చెప్పగలిగిన విషయమే ఇది.

సెకను సెకనుకూ ఏం జరుగుతుంది?

బంతి చేతిని వదిలిన మరుక్షణం నుంచి భూమి దాన్ని కిందికి లాగుతూనే ఉంటుంది. ఆ లాగుడు వల్ల ప్రతి సెకనుకూ బంతి వేగంలో 9.8 మీటర్ల మార్పు వస్తుంది. దీన్నే గురుత్వ త్వరణం అంటారు. భూమధ్యరేఖ దగ్గర ఇది సుమారు 9.78, ధ్రువాల దగ్గర సుమారు 9.83 ఉంటుంది. పాఠ్యపుస్తకాల్లో 9.8 అని తీసుకుంటారు. కొన్ని లెక్కల్లో సులువు కోసం 10 అని కూడా ఇస్తారు.

లెక్క తేలిగ్గా ఉండేలా ఒక బంతిని సెకనుకు 19.6 మీటర్ల వేగంతో పైకి విసిరారనుకుందాం. గాలి ప్రభావాన్ని ప్రస్తుతానికి పక్కన పెడదాం.

ఒక సెకను గడిచేసరికి వేగంలోంచి 9.8 తగ్గి, మిగిలేది 9.8 మీటర్లు. అప్పటికి బంతి 14.7 మీటర్ల ఎత్తులో ఉంటుంది.

రెండో సెకను ముగిసేసరికి మరో 9.8 తగ్గి వేగం సున్నా అవుతుంది. ఎత్తు 19.6 మీటర్లు, అంటే దాదాపు ఆరంతస్తుల భవనమంత.

మూడో సెకను ముగిసేసరికి బంతి సెకనుకు 9.8 మీటర్ల వేగంతో కిందికి వస్తూ మళ్లీ 14.7 మీటర్ల ఎత్తు దగ్గర ఉంటుంది.

నాలుగో సెకను ముగిసేసరికి సెకనుకు 19.6 మీటర్ల వేగంతో బయలుదేరిన చోటికే వచ్చేస్తుంది.

ఈ నాలుగు వరుసల్లో రెండు విషయాలు కనిపిస్తాయి. పైకి వెళ్లడానికి ఎంత సమయం పట్టిందో, అదే ఎత్తు నుంచి దిగిరావడానికీ అంతే పట్టింది. ఎంత వేగంతో వెళ్లిందో అంతే వేగంతో తిరిగొచ్చింది. దిశ మాత్రమే మారింది. ఒక్క చోట కూడా భూమి లాగడం మానలేదు. పైకి వెళ్తున్నప్పుడు ఆ లాగుడు వేగాన్ని తగ్గించింది, దిగుతున్నప్పుడు అదే లాగుడు వేగాన్ని పెంచింది. రెండు వేర్వేరు బలాలు లేవు, ఉన్నది ఒక్కటే.

పై అంచున అసలు సంగతి

వేగం సున్నా కావడం వేరు, వేగం మారడం ఆగిపోవడం వేరు. త్వరణం అంటే వేగం ఎంత అన్నది కాదు, వేగం ఎంత చొప్పున మారుతోంది అన్నది. పై అంచుకు చేరడానికి పదో వంతు సెకను ముందు బంతి సెకనుకు 0.98 మీటర్ల వేగంతో పైకి వెళ్తుంటుంది. పై అంచు దాటిన పదో వంతు సెకనుకు అంతే వేగంతో కిందికి వస్తుంటుంది. మధ్యలో వేగం సున్నాను దాటింది గానీ, మారడం మాత్రం ఎక్కడా ఆపలేదు.

ఇంకా నమ్మకం కుదరని పిల్లలను ఒక ఎదురు ప్రశ్న అడిగితే చాలు. పై అంచున వేగమూ సున్నా, త్వరణమూ సున్నా అయితే ఏమవుతుంది? వేగం లేదు, వేగాన్ని మార్చేదీ లేదు. అప్పుడు బంతి గాల్లో అక్కడే ఉండిపోవాలి. అలా ఉండిపోయిన బంతిని ఇంతవరకు ఎవరూ చూడలేదు. కిందికి వస్తోందంటేనే ఆ క్షణంలోనూ భూమి దాన్ని లాగుతోందని అర్థం.

మరి పైన బంతి కాసేపు ఆగినట్టు కంటికి ఎందుకు కనిపిస్తుంది? దీనికీ పై లెక్కలోనే జవాబుంది. మొదటి సెకనులో బంతి 14.7 మీటర్లు ఎక్కింది, రెండో సెకనులో ఎక్కింది 4.9 మీటర్లే. అంటే మొత్తం ఎత్తులో పైనున్న నాలుగో వంతు భాగంలోనే బంతి తన సగం సమయాన్ని గడుపుతుంది. వాలీబాల్, బాస్కెట్‌బాల్ ఆటగాళ్లు ఎగిరినప్పుడు గాల్లో వేలాడుతున్నట్టు అనిపించడానికి కూడా కారణం ఇదే. 80 సెంటీమీటర్లు ఎగిరిన ఆటగాడు గాల్లో ఉండేది సుమారు 0.8 సెకన్లు. అందులో సగం పైనున్న 20 సెంటీమీటర్లలోనే గడిచిపోతుంది.

చేతి బలం బంతిలో మిగిలి ఉంటుందా?

ఇంతకీ పిల్లలకు ఆ తప్పు ఆలోచన ఎక్కడి నుంచి వస్తుంది? చాలామంది మనసులో ఉండే బొమ్మ ఇలా ఉంటుంది: విసిరినప్పుడు చేయి బంతికి కొంత బలం ఇచ్చింది, ఆ బలం బంతితో పాటు పైకి వెళ్తూ కొంచెం కొంచెంగా ఖర్చవుతుంది, పై అంచున అది భూమి లాగుడుతో సమానమవుతుంది, తర్వాత భూమిదే పైచేయి అవుతుంది.

ఇలా ఆలోచించిన పిల్లల్ని తెలివితక్కువ వాళ్లని తిట్టాల్సిన పని లేదు. వందల ఏళ్ల పాటు గొప్ప పండితులు తలలు బద్దలు కొట్టుకున్నది దీని మీదే. విసిరిన వస్తువును దాని చుట్టూ ఉన్న గాలే ముందుకు తోస్తుందని ప్రాచీన గ్రీసులో అరిస్టాటిల్ భావించాడు. అది కుదరదని, విసిరిన చేయే వస్తువులోకి ఒక శక్తిని పంపుతుందని ఆరో శతాబ్దంలో అలెగ్జాండ్రియా పండితుడు ఫిలోపోనస్ వాదించాడు.

ఆ చర్చను ముందుకు తీసుకెళ్లినవారిలో ఇబ్న్ సీనా ఒకరు. వైద్యంలో ఆయన పేరు సుప్రసిద్ధం. 980 నుంచి 1037 వరకు జీవించిన ఆయన 'కితాబ్ అల్ షిఫా'లో చలనం గురించి కూడా విపులంగా రాశారు. విసిరిన వస్తువులో 'మైల్' అనే ఒక మొగ్గు ఏర్పడుతుందని, అడ్డుకునేదేమీ లేకపోతే అది దానంతటదే తరిగిపోదని ఆయన వాదన. 12వ శతాబ్దంలో బాగ్దాద్‌కు చెందిన అబుల్ బరకాత్ అల్ బాగ్దాదీ ఇందుకు భిన్నంగా చెప్పారు. పైకి విసిరిన రాయిలో విసిరినప్పటి మైల్ తరిగిపోతూ ఉంటుందని, రాయి సొంత బరువు వల్ల కలిగే మైల్ కూడా అప్పటికే అందులో ఉంటుందని ఆయన వివరించారు. కిందపడే వస్తువు వేగం ఎందుకు పెరుగుతుందన్నదానికి ఆయన ఇచ్చిన కారణం మరీ ఆసక్తికరం. బరువు ప్రతి క్షణం కొత్త మైల్‌ను జోడిస్తూనే ఉంటుందట. 'ఆగకుండా పనిచేసే కారణం వేగాన్ని పెంచుతూ పోతుంది' అన్న ఆలోచనకు ఇది చాలా దగ్గరగా వస్తుంది.

వాలు పలకల మీద గోళీలు దొర్లించి, సమయాన్ని కొలిచి, పడే వస్తువు వేగం సమయంతో పాటు ఒకే లెక్కన పెరుగుతుందని గెలీలియో తేల్చాడు. 1638లో అచ్చయిన పుస్తకంలో ఆ వివరాలు ఉన్నాయి. 1687లో న్యూటన్ చలన నియమాలతో ఈ ముడి పూర్తిగా వీడింది. కదలడానికి బలం అక్కర్లేదు, కదలిక మారడానికే బలం కావాలి. చేయి బంతికి ఇచ్చింది వేగాన్ని. బలం చేతి దగ్గరే ఆగిపోయింది. చేతిని వదిలాక బంతి మీద పైవైపుకు పనిచేసే బలం ఏదీ లేదు. ఉన్నవి భూమి లాగుడు, కొంత గాలి అడ్డు, అంతే.

బరువైనది ముందు పడుతుందా?

క్రికెట్ బంతిని, టెన్నిస్ బంతిని ఒకే వేగంతో పైకి విసిరితే, గాలిని లెక్కలోకి తీసుకోకపోతే, రెండూ ఒకే ఎత్తుకు వెళ్లి ఒకేసారి దిగుతాయి. బరువైన బంతిని భూమి ఎక్కువ బలంతో లాగుతుంది, నిజమే. కానీ ఆ బంతిని కదిలించడం కూడా అంతే కష్టం. రెండూ సరికి సరి అయిపోతాయి. 1971లో అపోలో 15 వ్యోమగామి డేవిడ్ స్కాట్ గాలి లేని చంద్రుడి మీద సుత్తిని, ఈకను ఒకేసారి వదిలి చూపించాడు. రెండూ ఒకేసారి నేలను తాకాయి.

ఎత్తు విషయంలో మాత్రం విసిరిన వేగమే కీలకం. వేగం రెట్టింపు చేస్తే ఎత్తు రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. మూడు రెట్లు చేస్తే తొమ్మిది రెట్లు. ఈ లెక్క తెలిసిన పిల్లలు ఆబ్జెక్టివ్ ప్రశ్నల్లో సూత్రం రాయకుండానే జవాబు గుర్తించగలరు.

ఇంట్లోనే కొలిచి చూడొచ్చు

దీనికి ల్యాబ్ అవసరం లేదు. మైదానంలో ఒక రబ్బరు బంతి, ఒక ఫోన్ ఉంటే చాలు. ఒకరు బంతిని నిటారుగా పైకి విసిరి, అదే ఎత్తులో పట్టుకోవాలి. మరొకరు ఫోన్ స్టాప్‌వాచ్‌తో మొత్తం సమయం కొలవాలి. ఆ సమయాన్ని దానితోనే గుణించి, వచ్చినదాన్ని 1.225తో గుణిస్తే బంతి ఎన్ని మీటర్లు పైకి వెళ్లిందో తెలుస్తుంది. మొత్తం 2 సెకన్లు పడితే ఎత్తు 4.9 మీటర్లు. 2.4 సెకన్లు పడితే సుమారు 7 మీటర్లు, విసిరిన వేగం గంటకు సుమారు 42 కిలోమీటర్లు. ఒక్కసారి కొలిచి వదిలేయకుండా ఐదారుసార్లు కొలిచి సగటు తీసుకుంటే వేలు నొక్కడంలో వచ్చే తేడా తగ్గుతుంది.

ఫోన్‌లో స్లో మోషన్ సౌకర్యం ఉంటే ఇంకా మంచిది. వెనక గోడో, కిటికీ చువ్వలో కనిపించేలా వీడియో తీసి నెమ్మదిగా జరుపుతూ చూస్తే, బంతి ఎక్కేటప్పుడు దూరాలు ఎలా తగ్గాయో, దిగేటప్పుడు అదే వరుసలో ఎలా పెరిగాయో పిల్లలు తమ కళ్లతో చూస్తారు.

రైల్లో కూర్చుని కూడా ఇంకో ప్రయోగం చేయొచ్చు. రైలు ఒకే వేగంతో వెళ్తున్నప్పుడు నాణేన్ని నిటారుగా పైకి ఎగరేస్తే అది వెనక్కి పడదు, తిరిగి చేతిలోకే వస్తుంది. చేతిని వదిలేసరికే నాణేనికి రైలు వేగం ఉంది. భూమి లాగుడు కిందికే కాబట్టి ఆ ముందుకు వెళ్లే వేగాన్ని అది ముట్టుకోదు. ప్లాట్‌ఫాం మీద నిలబడి చూసేవారికి అదే నాణెం వంపు తిరిగిన దారిలో వెళ్లినట్టు కనిపిస్తుంది. రైలు బ్రేక్ వేస్తున్నప్పుడు ఎగరేస్తే మాత్రం నాణెం కాస్త ముందుకు పడుతుంది.

'పైకే కదా విసిరింది' అంటే కుదరదు

డాబా మీద నుంచి పిల్లలు రాళ్లు విసిరితే పెద్దలు కోప్పడతారు. 'కిందికి వేయలేదు, పైకి విసిరాం' అని పిల్లలు సర్దిచెబుతారు. కానీ లెక్క వేరేలా ఉంది. 12 మీటర్ల ఎత్తున్న డాబా మీద నుంచి సెకనుకు 10 మీటర్ల వేగంతో రాయిని పైకి విసిరినా, అదే వేగంతో కిందికి విసిరినా, నేలను తాకే వేగం ఒక్కటే: సెకనుకు సుమారు 18 మీటర్లు, గంటకు 65 కిలోమీటర్లకు పైనే. పైకి విసిరిన రాయి డాబా ఎత్తుకు తిరిగొచ్చేసరికి దాని వేగం మళ్లీ 10 మీటర్లే, ఈసారి కిందివైపు. మిగతా దారి రెండింటికీ ఒకటే. పైకి విసరడం వల్ల దొరికేది కొద్ది సెకన్ల ఆలస్యమే, భద్రత కాదు.

నిజ జీవితంలో గాలి అడ్డు కూడా ఉంటుంది. గాలి ఎప్పుడూ కదలికకు ఎదురుగానే పనిచేస్తుంది. అందుకే అసలు బంతి లెక్కకంటే కొంచెం తక్కువ ఎత్తుకు వెళ్తుంది, విసిరిన వేగం కంటే కొంచెం తక్కువ వేగంతో దిగుతుంది, ఎక్కడానికి కంటే దిగడానికి కాస్త ఎక్కువ సమయం తీసుకుంటుంది. షటిల్ కాక్‌ను పైకి కొట్టి చూస్తే ఈ తేడా స్పష్టంగా తెలుస్తుంది. పడే వస్తువు వేగం పెరిగేకొద్దీ గాలి అడ్డు కూడా పెరిగి, ఒక దశలో బరువుతో సమానమవుతుంది. అక్కడి నుంచి వేగం ఇంక పెరగదు. దీన్ని చరమ వేగం అంటారు. గాలే లేకపోతే రెండు కిలోమీటర్ల ఎత్తు నుంచి పడే వాన చినుకు గంటకు 700 కిలోమీటర్లకు పైగా వేగంతో తలమీద పడేది. గాలి ఉండబట్టే పెద్ద చినుకు కూడా సెకనుకు సుమారు 9 మీటర్ల దగ్గరే ఆగిపోతుంది.

అన్ని వస్తువులకూ గాలి ఇంత రక్షణ ఇవ్వదు. పెళ్లి ఊరేగింపుల్లో, గెలుపు సంబరాల్లో తుపాకీ ఆకాశంలోకి పేలిస్తే ఎవరికీ ఏమీ కాదనుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. రైఫిల్ తూటా సెకనుకు 800 మీటర్లకు పైగా వేగంతో బయలుదేరుతుంది. గాలి లేకపోతే 32 కిలోమీటర్ల పైకి వెళ్లి అదే వేగంతో తిరిగొచ్చేది. గాలి వల్ల అది మూడు కిలోమీటర్ల లోపే ఆగిపోతుంది. 1920 ప్రాంతంలో అమెరికా సైన్యం ఫ్లోరిడాలో నిటారుగా పైకి కాల్చి చేసిన ప్రయోగాల్లో తిరిగొచ్చే తూటా వేగం సెకనుకు సుమారు 90 మీటర్లు అని లెక్క తేలింది. అంటే గంటకు 300 కిలోమీటర్లకు పైనే. తలకు తగిలితే ప్రాణం తీయడానికి అది చాలు. నిటారుగా కాకుండా ఏటవాలుగా కాల్చిన తూటా తన వేగాన్ని ఇంకా ఎక్కువ నిలుపుకుంటుంది, అది మరింత ప్రమాదం. 2003 డిసెంబర్ 31 రాత్రి ప్యూర్టోరికోలో కొత్త సంవత్సరం సంబరాల కాల్పుల్లో 19 మందికి తూటాలు తగిలాయి, ఒకరు ప్రాణాలు కోల్పోయారు. మన దేశంలో 2019లో ఆయుధాల చట్టాన్ని సవరించి, ఇతరుల ప్రాణాలకు ముప్పు కలిగేలా సంబరాల్లో కాల్పులు జరిపితే రెండేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించేలా చేశారు. ఆ చట్టం వెనక ఉన్నది తొమ్మిదో తరగతి ఫిజిక్సే: పైకి పంపినది ఎవరి నెత్తిమీదో దిగాల్సిందే.

చందమామ మీద, ఆకాశం దాటి

లాగుడు తగ్గితే కథ ఎలా మారుతుందో చూడాలంటే చంద్రుడి దగ్గరికి వెళ్లాలి. అక్కడ గురుత్వ త్వరణం 1.62 మాత్రమే, మన దగ్గరి దానిలో ఆరో వంతు. భూమి మీద 19.6 మీటర్లు ఎక్కి 4 సెకన్లలో తిరిగొచ్చిన బంతి, అక్కడ సుమారు 118 మీటర్లు ఎక్కి, 24 సెకన్ల తర్వాత దిగుతుంది. 2023 సెప్టెంబర్ 3న చంద్రయాన్-3 విక్రమ్ ల్యాండర్ ఇంజిన్లను మళ్లీ మండించి సుమారు 40 సెంటీమీటర్లు పైకి లేపి, కొంచెం పక్కన దించినప్పుడు ఇస్రో శాస్త్రవేత్తలు వేసుకున్న లెక్కల్లోనూ ఈ 1.62 ఉంది.

మరి తిరిగి రాకుండా విసరడం సాధ్యమేనా? భూమి నుంచి దూరం పెరిగేకొద్దీ లాగుడు బలహీనపడుతుంది. గాలిని పక్కన పెడితే, సెకనుకు 11.2 కిలోమీటర్ల వేగంతో వెళ్లిన వస్తువు వేగం తగ్గుతూనే ఉంటుంది గానీ, ఎప్పటికీ ఆగి వెనక్కి తిరగదు. దీన్ని పలాయన వేగం అంటారు. శ్రీహరికోట నుంచి లేచే రాకెట్‌ను విసిరిన రాయితో పోల్చకూడదు. రాయిని చేయి ఒక్కసారే తోస్తుంది, రాకెట్‌ను ఇంజిన్ దారిపొడవునా తోస్తూ ఉంటుంది. అంతరిక్షంలో గురుత్వాకర్షణ ఉండదన్నది కూడా అపోహే. 400 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం దగ్గర కూడా నేలమీద ఉన్నదానిలో దాదాపు 90 శాతం లాగుడు ఉంటుంది.

పరీక్షకు ముందు ఒకసారి

లెక్క మొదలుపెట్టేటప్పుడు ఒక దిశను ధనాత్మకంగా ఎంచుకోవాలి, చివరిదాకా దాన్నే పాటించాలి. పైవైపును ధనాత్మకం అనుకుంటే గురుత్వ త్వరణం ఎక్కేటప్పుడు, పై అంచున, దిగేటప్పుడు కూడా మైనస్ 9.8 మాత్రమే. ఎక్కేటప్పుడు మైనస్, దిగేటప్పుడు ప్లస్ అని ఒకే లెక్క మధ్యలో మార్చేస్తే జవాబు తారుమారవుతుంది. పై అంచున వేగం సున్నా అని రాయాలి, త్వరణం సున్నా అని రాయకూడదు. బరువు ఇచ్చి ఎత్తు అడిగితే కంగారు పడొద్దు, అక్కడ బరువుతో పనిలేదు.

సూత్రాలు మర్చిపోయినా ఒక్క మాట గుర్తుంటే చాలు. బంతి ఎక్కినా, దిగినా, మధ్యలో ఒక్క క్షణం ఆగినా, భూమి దాన్ని లాగడం ఆగదు.